ముందు సీటు తువ్వాలు

నేను ఒక గళ్ళ తువ్వాలుని. ఒళ్ళు తుడవడానికే పుట్టాను గానీ నా ఉద్యోగం అది కాదు. నేను సీట్లు ఆపుతాను.

మా గోదావరి జిల్లాల్లో ఈ పని అందరికీ తెలుసు. బస్సు పూర్తిగా ఆగకముందే నన్ను కిటికీలోంచి లోపలికి విసురుతారు. నేను ఏ సీటు మీద పడితే ఆ సీటు మావాళ్ళది. ఆ తర్వాత నన్ను ఎవరూ కదపరు. కండక్టరు కూడా నా పక్కనుంచి ఒదిగి వెళతాడు. సీట్లో మనిషి ఉంటే జరగమని దబాయిస్తారు. తువ్వాలు ఉంటే మాత్రం "ఎవరో ఉన్నారండి" అనుకుంటూ వెనక్కి పోతారు. ఎందుకలాగో నాకు తెలీదు. నేను అడగలేదు.

నన్ను ద్రాక్షారామం దగ్గర ఒక గుంటమగ్గం మీద నేశారు. ఒక గడి ఎరుపు, ఒక గడి తెలుపు. నేసినాయన మాట్లాడేవాడు కాదు. మగ్గమే మాట్లాడేది. గంజి పెట్టి మడతేసి సంతకి తెస్తే వాసంశెట్టి సూర్రావు చూశాడు. కొనేముందు భుజాన వేసుకోలేదు, మొహం తుడుచుకోలేదు. ఉండచుట్టి సంత పాక చివరికి విసిరాడు. తిన్నగా వెళ్ళి పడ్డాను.

"ఇదిచ్చెయ్" అన్నాడు.

సూర్రావు కాలవ లాకుల దగ్గర లస్కరు. లాకు తలుపులు ఎత్తడం, దించడం, పొలాలకి నీళ్ళు వదలడం, కట్టెయ్యడం ఆయన పని. ఇల్లు కాలవ గట్టు మీదే. ఆయన భార్య మంగతాయారు కాపరానికి వచ్చిన దగ్గర్నుంచి గడపలో బురద కడుగుతూనే ఉంది. వానాకాలం వాన బురద. ఎండాకాలం కాలవ పూడిక తీసిన బురద. ఆవిడకి ఒకటే కోరిక, నీళ్ళు లేని ఊరు చూడాలి. కాలు పెడితే ఏమీ అంటని నేల ఒకటి ఉందంటే ఆవిడ నమ్మలేకపోయేది. టీవీలో ఎడారి చూపించినప్పుడు దగ్గరకెళ్ళి తెర మీద చెయ్యిపెట్టి చూసింది.

అందుకని సూర్రావు రిటైరయ్యాక ఇద్దరూ యాత్రల బస్సెక్కారు. పూరీ, కాశీ, ఆగ్రా, జైపూరు, జోధ్‌పూరు, ఆఖరికి జైసల్మేరు ఇసక దిబ్బలు. వంటవాడు, గిన్నెలు, బియ్యం అన్నీ బస్సులోనే. దేశం మారుతుంది గానీ ఉప్మా మారదు.

చిక్కల్లా మంగతాయారుకి బస్సు పడకపోవడం. ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చుని ఎదురుగాలి తగిలితే ఫర్వాలేదు. వెనక కూర్చుంటే కడుపులో తిప్పేస్తుంది. అప్పుడిక ఆవిడకి దేశం కనపడదు. ఒళ్ళో పెట్టుకున్న ప్లాస్టిక్ కవరే కనపడుతుంది. ముందు సీటు సంపాదించే పూచీ నాది.

ఆ సీటు కావాల్సినావిడ ఇంకొకరున్నారు. మండపేట బుల్లెమ్మగారు. ఆవిడకి కుడి మోకాలు ముడవదు. ముందు సీటు దగ్గర తప్ప కాలు చాపుకునే చోటు బస్సులో ఇంకెక్కడా లేదు. ఆవిడ ఆయుధం చేతికర్ర. నేను ఎగురుకుంటూ వెళ్ళేసరికి కర్ర అడ్డంగా పడుకుని ఉండేది.

సూర్రావు బస్సు మేనేజరు పట్టాభికి ఫిర్యాదు చేశాడు. పట్టాభి బాగా ఆలోచించి, "ఏది ముందు పడితే అదేనండి. నన్నింకేం అడక్కండి" అని తీర్పు చెప్పాడు.

ఆ తీర్పు విన్నాక బుల్లెమ్మగారు బస్సు దిగడమే మానేసింది. పూరీలో దిగలేదు. కాశీలో దిగలేదు. "మీరెళ్ళి రండి, నేనిక్కడ్నించే దణ్ణవెట్టుకుంటాను" అనేది. ఆగ్రాలో కూడా అదే మాట అంది.

"తాజ్‌మహల్‌కి దణ్ణమేంటండి?" అన్నాడు పట్టాభి.

"అయితే ఏంటంట? పాపం, ఎవరో పోయినావిడేగా?"

మంగతాయారు వెనక సీట్లో వచ్చి, తల తిరిగి, తాజ్‌మహలు మెట్ల మీద తలవంచుకుని కూర్చుంది.

"ఎలాగుందే?" అన్నాడు సూర్రావు.

"మెట్టు బాగుందండి. చల్లగా ఉంది."

దేశం చూద్దామని ఇద్దరు ఆడవాళ్ళు అంతదూరం వచ్చారు. సీటు దొరక్క ఒకరు చూడలేదు. సీటు దొరికి ఒకరు చూడలేదు.

చూసింది నేను. బస్సు దిగితే సూర్రావు భుజం మీదే కదా నా మకాం. మనది ఎండ దేశం. ఎండ ఉన్నచోటల్లా నాకు చుట్టాలున్నారు. పూరీలో గుడి పండాల భుజాల మీద కనిపించారు. కాశీలో పలచగా, ఎర్రగా, గంగలో మునిగి, మెట్ల మీద ఆరి, మళ్ళీ మునుగుతూ కనిపించారు. వాళ్ళకి పలకరించే తీరిక కూడా లేదు. జైపూరు వచ్చేసరికి అన్నీ తలపాగాలు. ఎరుపు, పసుపు, గులాబీ. ఒక్కొక్కటి సూర్రావుని నిలువునా చుట్టినా ఇంకా మిగిలేటంత పొడుగు. వాటి పక్కన నేను చేతిగుడ్డలా ఉన్నాను. అయితే ఒకటి చెప్పాలి. అంత బట్ట ఉండీ వాళ్ళెవరికీ సీటు ఆపడం రాదు.

వాళ్ళకి రాకపోతే పోయింది, నా మర్యాద కూడా వాళ్ళకి తెలీదు. కాశీలో పడవ బల్ల మీద మంగతాయారు కోసం నన్ను పరిస్తే ఒక లావుపాటాయన వచ్చి నా మీదే కూర్చున్నాడు.

"ఏవండోయ్! అక్కడ తువ్వాలుందండి!" అని అరిచాడు సూర్రావు.

ఆయన లేచి నన్ను చూశాడు. మెత్తగా ఉందని తన భాషలో మెచ్చుకున్నాడు. మళ్ళీ కూర్చున్నాడు.

జోధ్‌పూరులో కోట కింద ఒక వేపచెట్టు దగ్గర బస్సు ఆగింది. వాసనొస్తోంది, కడిగించాలని పట్టాభి అందర్నీ దిగమన్నాడు. బుల్లెమ్మగారు తలుపు కమ్మీ పట్టుకుని చాలాసేపు గొడవ పెట్టి, చివరికి కర్రతో సహా దిగింది. సూర్రావు మొహం వెలిగిపోయింది.

"ఇయాల సీటు మనదేనే మంగా!"

కోటలో ఏం చూశాడో ఆయనకే తెలీదు. భార్యని నెమ్మదిగా రమ్మని, తను ముందుగా పరుగెత్తుకొచ్చాడు. వేపచెట్టు కింద తెల్లబస్సు. కిటికీ తెరిచి ఉంది. నన్ను వాటంగా విసిరాడు. ముందు సీటు మీద రెండు చోట్లకీ సరిపడా పరుచుకుని పడ్డాను. కిటికీ పక్కన భార్యకి, దాని పక్కన తనకి. ఎప్పుడూ అలాగే పడతాను.

పడ్డాక చూస్తే సీటు నీలం రంగు. మా బస్సు సీట్లు ఎరుపు. మా బస్సుని కడగడానికి తీసుకెళితే ఆ నీడలోకి ఇంకెవరిదో బస్సు వచ్చి ఆగింది. చెప్పడానికి నాకు నోరు లేదు.

ఇద్దరూ ఎక్కి కూర్చున్నారు. కాసేపటికి బస్సు నిండి కదిలింది.

"ఏవండీ, డ్రైవరు మారాడేంటండి?" అంది మంగతాయారు.

"డ్యూటీ దిగుంటాడు."

"డ్రైవరు పక్కన ఈ మీసాలాయనెవరండి?"

"పట్టాభి దార్లో ఎక్కించుకునుంటాడు. ఆశపోతు."

"వెనకాల పాటలండి?"

"భజన."

"మనోళ్ళెవరూ కనపడట్లేదండి."

"వెనకాలుంటారు. నువ్వు ఎనక్కి తిరక్కు, మళ్ళీ కడుపులో తిప్పుద్ది. ఏవే, తువ్వాలు కనపడతల్లేదా? మన తువ్వాలు మన సీటు మీదుంది. ఇంకేంటి నీ గొడవ?"

ఆవిడ నన్ను ఒకసారి తడిమి చూసి కిటికీ వైపు తిరిగింది. మా వైపు తువ్వాలు మాటకి తిరుగులేదు.

ఊరు దాటింది. ఇళ్ళు అయిపోయాయి. తర్వాత చెట్లు అయిపోయాయి. రోడ్డుకి రెండు పక్కలా ఎర్రటి నేల, ముళ్ళపొదలు, ఎండ. మంగతాయారు కిటికీ కమ్మీ పట్టుకుని ముందుకి వంగింది. ప్లాస్టిక్ కవరు ఒళ్ళోంచి జారి కింద పడింది. తీసుకోలేదు.

"ఏవండీ" అంది. "ఎక్కడా బురద లేదండి."

మీసాలాయన ఇద్దరికీ చెరో లడ్డూ పెట్టాడు. ఆయన పేరు ధన్నారాం. పెళ్ళికొడుకు తాతగారు. ఈ జంట పెళ్ళికూతురి తరఫు పెద్దలని ఆయన అనుకున్నాడు. పెళ్ళిబస్సులో తెలియని మొహం కనపడితే అవతలి తరఫు అనుకోవడం అన్ని ఊళ్ళలోనూ ఉంది.

వెనక సీట్లో నిద్రపోతున్నాయన ఒకడు తెలుగు చెవిన పడి లేచాడు. పెళ్ళికొడుకు మేనమామ ఘేవర్‌రాం. గబగబా ముందుకొచ్చాడు.

"బాబాయ్ గారండీ! ఏ ఊరండి తవరిది?"

"రామచంద్రపురం దగ్గరండి. తవరూ?"

"రావులపాలెంలో చాన్నాళ్ళు చలవరాళ్ళ పని చేశానండి. ఆయ్. మా మేనల్లుడి పెళ్ళండి. తవరెవరి తరఫండి?"

"తరఫేంటండి? మేం యాత్రకొచ్చాం."

"ఇది పెళ్ళిబస్సు కదండి!"

సూర్రావు మొదట నా వైపు చూశాడు. నేను అబద్ధమాడినట్టు.

తర్వాత లేచి, "ఆపమనండి, దిగిపోతాం. లెగవే" అన్నాడు.

మంగతాయారు లేవలేదు. కాపరానికి వచ్చాక ఆయన మాట కాదన్నది అదే మొదటిసారి అనుకుంటాను.

"నేను దిగనండి."

"ఎవరి పెళ్ళో ఏంటో!"

"ఎవరిదైతే ఏంటండి? నాకు తిప్పట్లేదు. ఇప్పుడు దిగితే రేపు మళ్ళీ వెనక సీటే. ఇంతదూరమొచ్చి మళ్ళీ కవరులోకి చూడమంటారా?"

ఘేవర్‌రాం నంబరు అడిగి పట్టాభికి ఫోను కలిపాడు. మా బస్సు మర్నాడు ఆ రోడ్డు మీదుగానే జైసల్మేరు వెళ్ళాలి. సంగతి విన్నాక పట్టాభి గొంతు నాక్కూడా వినిపించింది. "ఏంటీ, ఆవిడకి వాంతులవట్లేదా? అయితే అక్కడే ఉండమనండి బాబూ, రేపొచ్చి ఎక్కించుకుంటాం!"

ధన్నారాం వాళ్ళ పల్లెలో మగవాళ్ళంతా సూర్రావు చుట్టూ మంచాల మీద కూర్చున్నారు. తవరేం పని చేసేవారని అడిగారు. నీళ్ళు వదలడం, కట్టెయ్యడం అన్నాడు సూర్రావు. ఘేవర్‌రాం అది వాళ్ళ మాటల్లో చెప్పగానే మంచాలు దగ్గరికి జరిగాయి.

"నీళ్ళు మరీ ఎక్కువైతే ఏం చేస్తారని అడుగుతున్నారండి."

"ఏవుందండీ? సముద్రంలోకి వదిలేస్తాం."

ఘేవర్‌రాం ఆ మాట చెప్పడానికి కాస్త వెనకాడాడు. చెప్పాడు. లడ్డూలు నములుతున్నవాళ్ళు నమలడం ఆపేశారు. తలుపు చాటునుంచి ధన్నారాం భార్య గవరీబాయి ఏదో గట్టిగా అంది.

"ఏవంటన్నారండి ఆవిడ?"

"తిడతన్నారండి. ఆయ్. తవర్ని కాదండి, సముద్రాన్ని."

ధన్నారాం ఒక్కడే నవ్వాడు. లేచి వచ్చి తన తలపాగా తీసి సూర్రావు తలకి పెట్టాడు. సూర్రావు భుజం మీదున్న నన్ను తీసుకుని తన బోడితల చుట్టూ చుట్టుకున్నాడు. ఒక చుట్టుకే సరిపోయాను.

"ఇలా మార్చుకుంటే అన్నదమ్ములైపోయినట్టేనండి" అన్నాడు ఘేవర్‌రాం. "ఇంక ఆ పాగా తీస్తే మావోడికి అవమానవండి. ఇంటికెళ్ళేదాకా ఉంచుకోండి."

మర్నాడు పొద్దున్నే గవరీబాయి మంగతాయారుని ఊరి వెనక దిబ్బల మీదికి తీసుకెళ్ళింది. సూర్రావు, ధన్నారాం వెనకాల నడిచారు. మంగతాయారు చెప్పులు విప్పి ఇసకలో కాలు పెట్టింది. తీసి అరికాలు చూసుకుంది. దులిపింది. రాలిపోయింది. రెండో కాలు పెట్టి చూసింది. అదీ రాలిపోయింది. ఇద్దరికీ ఒక్క మాట కూడా కలవకపోయినా గవరీబాయి నవ్వీ నవ్వీ అక్కడే కూలబడింది.

మధ్యాహ్నం మా బస్సు వచ్చి రోడ్డు మీద ఆగింది. ముందు సీట్లో బుల్లెమ్మగారే ఉంది. పోటీకి ఎవరూ లేరు గనక ఆవిడ రాణిలా రావాల్సింది. బస్సు ఆగీ ఆగగానే కర్ర పట్టుకుని, సీటు వదిలేసి, ఎవరూ అడక్కుండానే కిందికి దిగింది.

"ఏవమ్మా మంగతాయారూ, బతికున్నావా? నిన్నట్నించీ నాకు ముద్ద దిగితే ఒట్టు!"

"ఇదుగో, ఇక్కడే ఉన్నాను అక్కయ్యగారూ."

బుల్లెమ్మగారు అప్పుడు తలెత్తి దిబ్బల వైపు చూసింది. యాత్ర మొదలయ్యాక ఆవిడ బయటికి చూడటం నేను చూడలేదు.

"ఓలమ్మో, ఇంతిసకే! ఎవడు తోలాడే ఇదంతా?"

"రండి చూద్దురుగాని" అని మంగతాయారు ఆవిడ చెయ్యి పట్టుకుంది. కర్ర కూరుకుపోతుంటే దాన్ని పట్టాభి చేతికిచ్చేసి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని కొంతదూరం వెళ్ళారు. డ్రైవరు హారను కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ముందు సీటు ఖాళీగా ఉంది. దాని మీద తువ్వాలూ లేదు, కర్రా లేదు.

సూర్రావుకి అది కనపడింది. చెయ్యి అలవాటుగా భుజం మీదికి పోయింది. నేను లేను. చెయ్యి తల మీదికి పోయింది. ఎదురుగా ధన్నారాం చూస్తున్నాడు. చెయ్యి దించేశాడు.

ఈలోగా ఆడవాళ్ళిద్దరూ తిరిగొచ్చి ఎక్కేశారు. మంగతాయారు కిటికీ పక్కన కూర్చుంది. బుల్లెమ్మగారు ఇవతల కూర్చుని మెట్ల వైపు ఖాళీలోకి కాలు చాపుకుంది. ఒకరికి గాలి కావాలి, ఒకరికి కాలు చాపే చోటు కావాలి. రెండూ ఆ సీట్లో పక్కపక్కనే ఉన్నాయి. ఈ సంగతి నాకు పూరీలోనే తెలుసు. కానీ రెండు చోట్లనీ కప్పెయ్యాలని ఎగిరింది నేనే కదా, ఏమని చెప్పను?

"మరి నేనూ?" అన్నాడు సూర్రావు మెట్ల మీద నిలబడి.

"ఎనకాల బోలెడు కాళీ ఉంది, ఎల్లు తమ్ముడూ" అంది బుల్లెమ్మగారు. "ఆ గంప నెత్తినెట్టుకుని నువ్వు ముందు కూర్చుంటే డ్రైవరుకి దారి కనపడొద్దా?"

బస్సు కదిలింది. నడవలో తలపాగా పైకప్పుకి కొట్టుకోకుండా సూర్రావు వంగి వంగి వెనక్కి వెళ్ళడం కనిపించింది. ముందు కిటికీలోంచి మంగతాయారు చెయ్యి ఊపింది. బస్సు ఇసక దిబ్బ మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉంది.

నేనిక్కడే ఉండిపోయాను. ధన్నారాం పెద్ద పాగా ఇంకొకటి కొనుక్కున్నాడు గానీ, ఇంట్లో ఉన్నప్పుడు నన్నే చుట్టుకుంటాడు. ఊరివాళ్ళు నవ్వితే, మా తమ్ముడిది, నీళ్ళ అధికారి అని చెబుతాడు. గోదావరి జిల్లాలో నన్ను రోజూ కాలవలో జాడించేవారు. ఇక్కడ ఎప్పుడో ఒకసారి, ఒక చెంబుడు నీళ్ళతో. పిండిన నీళ్ళు కూడా గవరీబాయి పారబోయదు. వాకిట్లో ఉన్న చిన్న జమ్మి మొక్కకి పోస్తుంది. పోసి, మొక్క మొదలు దగ్గర తడిసిన మట్టిని వేలితో తాకి చూస్తుంది. వేలికి కాస్త బురద అంటుతుంది. ఆవిడ దాన్ని వెంటనే తుడుచుకోదు. కాసేపు అలాగే ఉంచుకుంటుంది.