ఐదో బలం

కొబ్బరి దింపులో అబ్బులుకి భయమంటే తెలీదని నగరం ఊళ్ళో అందరూ అనేవారు. మీసం రాకముందు నుంచీ చెట్లెక్కుతున్న మనిషి. అలాంటివాడు ఎనభై ఆరు వేసవిలో ఒక పొద్దున్న చెట్టు మొవ్వు దాకా ఎక్కి దిగలేకపోయేడు.

ముందురోజు అక్క కూతురు విజయకుమారి ఒక మాట చెప్పింది. ఆ పిల్ల అమలాపురంలో ఫిజిక్సు లెక్చరరు, సెలవులకి వచ్చింది. ఆదివారం ప్రార్థనయ్యాక గుడినుంచి వచ్చి భోజనాలు చేస్తుంటే, పేపర్లో చదివిన సంగతి ఎత్తింది. ప్రకృతిలో నాలుగే బలాలున్నాయని ఇన్నాళ్ళూ అనుకున్నారట. ఐదోది కూడా ఉండొచ్చని అమెరికాలో కొందరంటున్నారట. భూమి కిందికి లాగుతుంటే అది కాస్త పైకి తోస్తుందట, ఒక్కో వస్తువుని ఒక్కోలా.

"మనిషినీ కొబ్బరికాయనీ వేరేగానా?" అన్నాడు అబ్బులు.

"ఉంటే గింటే అంతే మావయ్యా," అని నవ్వింది విజయ.

మర్నాడు చెట్టు మీద గెల నరికి వదిలేడు. నేల తాకిన చప్పుడు ఆలస్యంగా వచ్చినట్టు తోచింది. ఇంకోటి నరికేడు. ఇంకా ఆలస్యం. ఒళ్ళు దూదిలా తేలికైపోయింది. గబుక్కున మానుని కావలించుకున్నాడు. పడిపోతానని కాదు అతని భయం. పడితే ఏమవుతుందో తెలుసు, పెదనాన్న అలాగే పోయేడు. చెయ్యి వదిలితే పడనేమోనని భయం.

కింద కాయలు పోగేస్తున్న పెళ్ళాం ఎలీసమ్మ "దిగవేంటయ్యా?" అంది. "చెయ్యి వదిల్తే పైకి పోతానేమోనే, విజయని పిలు," అన్నాడు. పైనుంచి కత్తి జారి ఆమె పక్కనే నేలలో దిగబడింది. ఎలీసమ్మ పరుగున పోయి విజయని తీసుకొచ్చింది.

"మావయ్యా, అది ఉన్నా దోమ రెక్క బరువంత కూడా ఉండదు."

"ఉందా లేదా, అది చెప్పమ్మా." పైనుంచి అడిగేడు అబ్బులు.

"లేదని చెప్పొచ్చుగా," అని ఎలీసమ్మ పళ్ళు నూరింది.

విజయ తల పైకెత్తింది. "తెలీదు మావయ్యా. ఇంకా ఎవరికీ తెలీదు. కానీ ఉంటే అది నిన్న పుట్టింది కాదు. నువ్వు మొదటిసారి చెట్టెక్కిన రోజునా ఉంది. అది ఉండగానే ఇన్నాళ్ళూ ఎక్కేవు, దిగేవు."

కాసేపటికి కాళ్ళకి వేసుకున్న తాడు బంధం కొంచెం జారింది. కళ్ళు మూసుకుని, గుండె మీద చర్మం చెక్కుకుపోతున్నా మానుని వదలకుండా దిగేడు. నేల మీద కూలబడి మట్టిలోకి వేళ్ళు గుచ్చేడు. ఎలీసమ్మ జబ్బ పట్టుకుంటే వద్దనలేదు.

ఆ తర్వాత చెట్టెక్కలేదు. అంబాజీపేటలో లారీల్లోకి కాయ ఎత్తే పనిలో చేరేడు. రెండు మూడేళ్ళకి విజయ అక్కడికే వచ్చి, ఆ బలం ఎక్కడా దొరకలేదని చెప్పింది.

"వెతకడం మానేసేరా?" అన్నాడు లారీ మీంచి.

"లేదు, వెతుకుతూనే ఉన్నారు."

అబ్బులు రెండు చేతులతో లారీ అంచు పట్టుకుని దిగేడు, కాళ్ళు నేలకి ఆనేదాకా వదల్లేదు.