మాఫీ అడిగి వచ్చాక

ఊరందరినీ మాఫీ అడిగి వచ్చాక తెలిసింది, నేను ఎక్కడికీ వెళ్లడం లేదని.

హజ్‌కు దరఖాస్తు పెట్టి ఎదురుచూస్తుంటే మెయిల్ వచ్చింది. చదివింది నేనే. పురుగుమందు డబ్బాల మీది అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చినదాన్ని. అచ్చులో ఉన్నది అబద్ధమాడదని నా నమ్మకం. ‘హజ్ యాత్ర వెయిటింగ్ లిస్టు నుంచి మీ పేరు ఎంపికైంది. సాయంత్రంలోగా ధ్రువీకరించకపోతే మీ చోటు వేరొకరికి పోతుంది’ అని ఉంది. కింద లింకు. నొక్కాను. పాస్‌పోర్టు నంబరు, ఖాతా నంబరు, ఫోనుకొచ్చిన అంకెలు, అడిగినవన్నీ ఇచ్చాను.

హజ్‌కు వెళ్లేవాళ్లు ఇంటింటికీ తిరిగి, తెలిసీ తెలియక చేసిన తప్పులకు మాఫీ అడిగి సెలవు తీసుకోవాలి. ఆ పూటే బయల్దేరాను. నా భర్త బుడే, మిరప బస్తాలతో గుంటూరు యార్డుకని లారీ ఎక్కేటప్పుడు వెళ్లొస్తానని కూడా అనలేదు. తిరిగి రాలేదు. చెప్పకుండా పోయినవాళ్లే నాకు ఎక్కువ. నేనలా పోకూడదు.

ఏళ్లుగా మాటల్లేని మా అక్క సర్దార్‌బీ మిరప కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. నన్ను చూసి లేచి కావలించుకుంది.

“ఏడువే జహీరూ. ఇంత ఘాటులో ఎవరూ కనిపెట్టరులే,” అంది.

మర్నాడు కోడలు కౌసర్ ఆ మెయిల్ చూసి మంచం మీద కూలబడింది.

“పైన పేరు ఆఫీసుదే అత్తయ్యా. దాని మీద నొక్కి అడ్రసు చూడండి, ఎవడిదో! సాయంత్రంలోగా అని తరిమినప్పుడే ఆగాలి. లింకు ముట్టుకోకుండా, మన రసీదు మీదున్న నంబరుకు మనమే ఫోన్ చేసి కనుక్కోవాలి. ఓటీపీ ఇచ్చేశారా?”

ఇచ్చేశాను. ఖాతా ఊడ్చేశారు. కౌసర్ సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకు పరుగెత్తింది. నేను లోపల గడియ పెట్టుకున్నాను.

అరుగు మీద ఆడవాళ్లు చేరారు. “హజ్జమ్మ ఏదీ? నా కూతురి కోసం దువా చేయమని చెప్పాలి.” కిటికీ ఊచల్లోంచి ఎవరో గులాబీ దండ లోపలికి తోశారు. గోడకు ఆనుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

“జహీరూ! నేనూ వస్తున్నానే!” అక్క గొంతు. “నేనూ దరఖాస్తు పెట్టా. మనకప్పుడు మాటల్లేవుగా, నీకు చెప్పలా. నాకూ అదే మెయిలొచ్చింది!”

“ఓటీపీ వచ్చింది పెద్దమ్మా, కొట్టనా?” అక్కకు ఫోను చూసిపెడుతున్న పక్కింటి శాంతి.

నోరు మూసుకుంటే అక్కదీ పోతుంది. తలుపు తీస్తే నిన్నటి సెలవులన్నీ అబద్ధమవుతాయి. గడియ తీశాను.

“కొట్టొద్దు శాంతీ! అది దొంగ మెయిలు. నన్నెవరూ పిలవలేదు. నేను పోవడం లేదు.”

అందరూ నన్నే చూస్తున్నారు. అక్క శాంతి చేతిలోంచి తన ఫోను లాక్కుని కొంగులో చుట్టుకుంది.

“తిడదామంటే నిన్ననే మాఫీ ఇచ్చి చచ్చా,” అంది.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ వెళ్లనూ లేదు. అక్క ఒక్కతే గుమ్మం దాటి నా పక్కకొచ్చి, వాళ్లెవరూ నన్ను చూడకుండా తలుపు మళ్లీ గడియ పెట్టింది.