బల్ల వద్దన్న బర్నబా

శ్రావణమాసాంతమున నొకనాటి మధ్యాహ్నము కృష్ణవేణీజలపూరితమైన పెద్దకాలువ గట్లనొరసి పారుచుండ నీలమేఘసంఛాదితమైన పడమటి దిక్కు క్షణక్షణమునకు నల్లబారుచుండ వరిచేలలోని లేతపైరు గాలికి వంగి లేచుచు మరల వంగుచుండ కొండ్రపాలెపు దేవాలయమందలి ఘంట మాత్రము చప్పుడు లేక వ్రేలాడుచుండెను. ఆ యూర క్రైస్తవుడెవ్వడైన మరణించినయెడల పూడ్చునంతవరకు గడియకొకమారు ఘంట మ్రోగించుట వాడుక. డెబ్బదియాఱేండ్ల వడ్రంగి బర్నబా నాటి వేకువను కన్నుమూసెను. ప్రొద్దు వాలుచున్నను వానికై ఘంట మ్రోగలేదు.

అందులకు కారణమొక్కమాట. మూడుదినములకు ముందు పాస్టరు గమలీయేలుగారు రొట్టెయు ద్రాక్షారసమును గొని రోగిశయ్యకడకు రాగా బర్నబా "బల్ల నాకొద్దయ్యా" యనెనట. ప్రభుభోజనసంస్కారమునకు ఆ సీమ క్రైస్తవులు వాడుకగ నిడిన పేరు బల్ల. మరణశయ్యపై బల్లను త్రోసివేసినవానికి సంఘపు సమాధులతోటలో చోటు లేదనియు ఘంట మ్రోగరాదనియు తాతలనాటి కట్టుబాటు. పాస్టరుగారు కల్లలాడువారు కారు. తాము విన్నంత చెప్పిరి. చెప్పినదానిని సంఘపెద్ద హనోకు నాలుగిండ్లకు మోసెను. నాలుగిండ్లకు తెలిసినది నలుబదియిండ్లకు తెలియుటకెంతసేపు? డెబ్బదియేండ్లు దేవునిగుడి గడప నరుగదీసినవాడు కడపట విశ్వాసభ్రష్టుడయ్యెనని ఊరెల్ల చెప్పుకొనిరి.

బర్నబాకు దొర్కమ్మ యొక్కతియే కూతురు. ఏబదియేండ్ల వితంతువు. ఆమె వసారాలో తండ్రి శవముకడ కూర్చుండి తాటాకువిసనకఱ్ఱతో విసరుచుండెను. చనిపోయినవానికి గాలి యక్కఱలేదని తెలిసియు చేయి మానలేదు. బంధువులు తోటలో గోయి త్రవ్విరి గాని పెద్దల యనుమతి రాలేదు. అంతలో పాస్టరుగారిని వెంటబెట్టుకొని హనోకు వచ్చెను.

"చూడు దొర్కమ్మా, మబ్బు ముంచుకొస్తోంది. గోతిలో నీళ్ళూరుతున్నాయి. నలుగురి ముందు నిలబడి, మా నాన్న కడపట తప్పిపోయాడు, సంఘం మన్నించాలి అని ఒక్క మాట అను. గంట కొట్టలేంగాని తోటలో ఓ మూల చోటిస్తాం."

"అనకపోతే?"

"కాలవగట్టున పూడ్చుకోవడమే మరి. నాకు మాత్రం ఇష్టమా?"

"కాసేపాగన్నా" యని దొర్కమ్మ తల వంచుకొనెను.

ఆ కాసేపటిలో తండ్రి జీవితమెల్ల వరుస తప్పి వచ్చి యామె కన్నులయెదుట నిలిచెను. బర్నబా ఉపదేశి కాడు. సభలో నిలువబెట్టి సాక్ష్యము చెప్పుమన్న రెండుమాటలకు చెమటలు పోసికొని కూర్చుండునట్టివాడు. వాని భక్తియెల్ల చేతులలో నుండెను. ప్రతిదినము ఉలి పట్టకమున్ను పనికొట్టములోని చిత్రికపొట్టులో మోకరించి "ప్రభువా, నువ్వూ వడ్రంగివే గదా, నా చెయ్యి జారనీకు" అని ప్రార్థించును. అన్నమునకు వచ్చినప్పుడు మోకాళ్ళకంటిన పొట్టును జూచి "ప్రార్థన ఇంకా అంటుకునే ఉంది నాన్నా" యని కూతురు నవ్వుచు దులుపును. ఊర నెవరు గతించినను దారముతో కొలిచి శవపెట్టె చేయువాడతడే. కొలుచుచు "కాళ్ళు ముడుచుకోకు బావా, చోటు చాలినంత చేస్తాలే" యని చనిపోయినవారికి మెల్లగ ధైర్యము చెప్పును. తన పెట్టెకై రెండు వెడల్పాటి టేకుచెక్కలను పదేండ్లుగ అటకమీద దాచుకొనెను. వానిని జూపి చావన్న తనకు భయము లేదనియు చెదలన్న మాత్రమే భయమనియు నవ్వువాడు.

దొర్కమ్మకు పదియేండ్లప్పుడు తల్లి వాంతిభేదుల విషూచివలన పోయెను. ఆమె పెట్టెయు బర్నబాయే చేసెను. మఱునాటి యాదివారము తలలో రంపపుపొట్టుతోనే బల్లకు బయలుదేరిన తండ్రిని జూచి "దేవుడి మీద కోపం లేదా నాన్నా?" యని పిల్ల యడిగెను. "ఉందమ్మా. అందుకే పోతున్నా. కోపం గుమ్మంలో నిలబడి చెప్పేది కాదు, బల్లకాడ కూర్చుని చెప్పేది" యని యతడు బదులు పలికెను. ఆ మాట దొర్కమ్మ నలుబదియేండ్లుగ మఱువలేదు.

అట్టివాడు బల్ల వద్దనునా? అనడని మనసు చెప్పుచుండెను. అనియుండవచ్చునని భయము చెప్పుచుండెను. ఏలయన గడచిన వేసవిలో దేవాలయమందు రొట్టెరసములనుంచు పాతబల్లను చెదలు తినివేయగా క్రొత్తది తాను చేసెదనని బర్నబా సభలో లేచి నిలిచెను. "చెయ్యి వణుకుతోంది పెద్దయ్యా, ఇంక నీవల్లేమవుతుంది, పట్నంలో కొందాంలే" యని హనోకు నలుగురిలో ననెను. కొందఱు నవ్విరి. బర్నబా రెండుచేతులను కండువాలో దాచుకొని కూర్చుండెను. ఆ దినము మొదలు ఇంటిలో గుడిమాట యెత్తలేదు. ఆ యవమానము కడుపులో పెట్టుకొని కడపట బల్లనే కాదనెనేమో యని దొర్కమ్మ తలచెను. పాస్టరుగారు వచ్చినవేళ తాను పెరటిపొయ్యికడ గంజి కాచుచుండుటచే నేమియు వినలేదు. అందులకు తన్ను తానే తిట్టుకొనెను.

పడమట ఉఱిమెను. వసారా చూరుమీద నాలుగు చినుకులు పడెను. "పొద్దు పోతోందమ్మా" యని హనోకు తొందరపెట్టెను. దొర్కమ్మ లేచి నిలిచెను. వాకిట మూగిన జనమామె నోటివంక చూచుచుండిరి. "మా నాన్న కడపట" అను మాటలు బయటికి వచ్చెను. ఆ పై మాట రాలేదు. ఆమె పాస్టరుగారివైపు తిరిగెను.

"అయ్యగారూ, కూతుర్ని, అడగొచ్చు గదా. ఆ మాట ఎట్లా అన్నాడో ఒక్కసారి చూపించండి. ఆ రోజు కూర్చున్న చోటే కూర్చుని చూపించండి."

పాస్టరుగారు కాదనలేక లోనికి పోయి శూన్యమైన నులకమంచము ప్రక్క ముక్కాలిపీటపై కూర్చుండిరి. "బల్ల నాకొద్దయ్యా అన్నాడమ్మా. తరవాత కఫం అడ్డుపడింది, మాట తెలియలేదు. చెయ్యి ఇట్లా పైకెత్తాడు. పైనున్న దేవుడితోనే తేల్చుకుంటానన్నట్టు. నాకు మనసు కష్టమై లేచి వచ్చేశాను." ఇట్లు చెప్పుచు వారెత్తిన వ్రేలు ఎత్తినట్లేయుండెను.

దొర్కమ్మ వారి మొగము చూడలేదు. వ్రేలికొనను చూచెను. దానిమీద నాకాశము లేదు. ఇంటికప్పున్నది. కప్పుక్రింద అటకయున్నది. చెక్క యేదైనను దానిని బల్లయనుట బర్నబా నోటి వాడుక. ఆ సంగతి జన్మమంతయు నెఱిగిన కూతునకు మూడుదినములు తట్టలేదు. ఆమె నిచ్చెన తెచ్చి గోడకానించెను.

అటకమీద గోనెపట్టాక్రింద టేకుచెక్కలు రెండును లేవు. ఉన్నదొక్క బల్ల. ఆరడుగుల పొడవు నాలుగడుగులకు కోయబడి చెక్కకు చెక్క జోడింపబడి అద్దమువలె నునుపు చేయబడెను. ప్రక్కన కాళ్ళు. వానిమీద ముళ్ళు వేసిన కొలతదారము. తన కూతురి పురిటికై దొర్కమ్మ నెలదినములు బందరుకు పోయినప్పుడు ముసలివాడు రహస్యముగ చేసిన పని యది. దింపించి వసారాలో పఱచిన పిమ్మట హనోకు దారము నందుకొని ముడినుండి ముడికి మూర వేసి చూచెను. దేవాలయపు పాతబల్లను ఏండ్లతరబడి యెత్తి దింపినవాడు గావున కొలత వానికి తెలిసెను. దారమును నేలమీద పెట్టి యతడు మఱి తల యెత్తలేదు.

మూడు కాళ్ళు పూర్తియైనవి. నాలుగవదానిమీద ఉలిగీతలు వంకరలు పోయి సగములో నిలిచిపోయెను. పెట్టెకై దాచిన ఆ బల్ల నాకు వద్దు, గుడికి ఇయ్యండి అని చెప్పబోయి బర్నబా సగము చెప్పెను. మిగిలిన సగము చేతితో చూపెను.

పాస్టరుగారు కన్నీరు తుడుచుకొనలేదు. "సగమే విన్నానమ్మా. మిగతాది వినే ఓపిక లేక రొట్టె మూటగట్టుకుని లేచిపోయాను. నన్ను క్షమించు" అనిరి. అని వానలో నొక్కరే నడచిపోయి తమచేతులతో ఘంటత్రాడు లాగిరి. ఆ మొదటి మ్రోత విని దొర్కమ్మ వేకువనుండి బిగబట్టిన యేడ్పును విడిచెను.

హనోకు తల యెత్తకయే బల్లమీద చేయి వేసెను. "అందరికీ పెట్టెలు చేసినోణ్ణి పెట్టె లేకుండా పంపుతామా? ఈ చెక్కలే విప్పించి పెట్టె కొట్టిద్దాం."

"బల్ల వద్దన్నాడు గదన్నా" యని దొర్కమ్మ శాంతముగ ననెను. "ఊరంతా విన్న మాటే."

అందుచే నూరివారికెల్ల పెట్టెలు చేసిన బర్నబా తుంగచాపలో చుట్టబడెను. వాన పెచ్చుపెరుగుటచే శవమును బల్లను పనికొట్టములోనికి చేర్చిరి. ఆనాడు వెనుకకు తీసికొనిపోయిన రొట్టెరసములను పాస్టరుగారు మరల తెచ్చి బర్నబా చేసిన బల్లమీదనే కూతునకీయదలచిరి. బల్లకు మూడుకాళ్ళు తగిలించి నిలిపిరి. నాలుగవ మూల నేలకొరగెను. ఎవ్వరును చెప్పకయే హనోకు చిత్రికపొట్టులో మోకరించి రెండుచేతులతో ఆ మూల నెత్తిపట్టెను. ప్రార్థన దీర్ఘమయ్యెను. టేకు బరువు. వాని చేతులు వణకసాగెను. పాత్రలోని ద్రాక్షారసము కదలుట అందఱు చూచిరి. ఒక్కరును నవ్వలేదు.

నిజము నిలుకడమీద తెలియునని పెద్దలందురు. మాట పూర్తియగువఱకు నిలిచి వినువారున్నప్పుడు గదా అది తెలియుట. వాన వెలిసి పాడె లేచునప్పుడు హనోకు మోకాళ్ళకు పొట్టంటియుండుట దొర్కమ్మ చూచెను. అతడు దులుపుకొనలేదు. దానితోనే సమాధులతోటవఱకు బర్నబాను మోసెను.