బుబ్బె వంటింటి మాటలు

రేణుకి రెండేళ్లు నిండకుండానే తల్లి పోయింది. దామోదర్ పొద్దున్నే ల్యాబ్‌కి వెళ్తూ పిల్లను ఎదురు అపార్ట్‌మెంట్‌లో ఉండే మిసెస్ లెర్నర్‌కి అప్పజెప్పేవాడు. ఎనభై ఒకటిలో, అమెరికాలోని పార్సిప్పనీలో, అతనికి అంతకన్నా దిక్కు లేదు. పిల్లకు మంచి ఇంగ్లిష్ అబ్బుతుందని ఆశ కూడా.

అబ్బింది ఇంగ్లిష్ కాదు. నీళ్లకి ‘వాసర్’, పడుకోమని చెప్పడానికి ‘ష్లోఫ్’. అమెరికన్లు పిల్లలతో ఆడే ముద్దుమాటలు కాబోలని దామోదర్ కూడా వాడేశాడు. అది యిడ్డిష్ అనీ, పోలండ్‌లో తన తల్లి మాట్లాడిన యూదుల భాష అనీ ఆవిడే ఒకరోజు చెప్పింది. కొడుకు మార్విన్‌కి మాత్రం ఒక్క ముక్క నేర్పలేదట. వాడు అచ్చం అమెరికావాడు కావాలని. పైగా వాడి చెవిన పడకూడని సంగతులన్నీ మొగుడూ పెళ్లాం అందులోనే మాట్లాడుకునేవారట.

“నీ కూతురి దగ్గర దాచేదేముంది నాకు?” అని నవ్వింది.

రేణుకి ఐదో ఏడు వచ్చిన చలికాలంలో ఆవిడకు పక్షవాతం వచ్చింది. ఇంగ్లిష్ మొత్తం తుడిచిపెట్టుకుపోయి యిడ్డిష్ ఒక్కటే మిగిలింది. ఇక ఆశ లేదన్నారు డాక్టర్లు. “పొద్దుటి నుంచి అమ్మ నా చెయ్యి వదలకుండా ఏదో చెబుతోంది, పిల్లను తీసుకురండి” అని మార్విన్ ఆసుపత్రి నుంచి ఫోన్లో బతిమాలాడు. భాష తెలిసిన పెద్దాయన ఒకరు ఊరవతల ఉన్నారు గాని మంచు తుఫానులో దారి మూసుకుపోయి రాలేకపోయారు.

రేణు మంచమెక్కి ఆవిడ బుగ్గకు బుగ్గ ఆనించి, “బుబ్బె” అంది. అంటే అమ్మమ్మ. ఆవిడ ఏదో గొణిగింది.

“నాన్నా, బుబ్బెకి కోల్డ్‌గా ఉందట.”

దామోదర్ దుప్పటి గడ్డం దాకా లాగాడు. వాసర్ కావాలట అని రేణు అంటే నర్సు తడిదూది పెదాలకు అద్దింది. ఆవిడ కాస్త కుదుటపడి, కొడుకు వైపు తిరిగి మళ్లీ మొదలుపెట్టింది, మెల్లగా, ఒక్కొక్క మాటా విడదీసి.

“ఇప్పుడేమంటోందమ్మా?” అడిగాడు మార్విన్.

రేణు చాలాసేపు విన్నది. “ఆ మాటలు నాకు రావు, అంకుల్. మేం కిచెన్‌లో మాటలే చెప్పుకుంటాం.”

మార్విన్ తల్లి పెదాలనే చూస్తూ, అర్థం కాకపోయినా ఆవిడ వెంట పలకబోయాడు. రెండు మాటలకే ఆగిపోయాడు.

సాయంత్రానికి ఆవిడ గొంతూ, ఊపిరీ ఆగిపోయాయి. రేణు దుప్పటి అంచు సర్ది, రోజూ మధ్యాహ్నం ఆవిడ తనకు చెప్పేలాగే “ష్లోఫ్, బుబ్బె” అంది.

మార్విన్ దామోదర్ వైపు చూశాడు. ఆ మాటకి అర్థం దామోదర్ చెప్పాడు.