పస్తులున్న పగడం

ఆదివారం పొద్దున తొట్టి మీది తెర తొలగించి చూసేసరికి, అమ్మ పెంచిన పగడం అంచుల్లో కండ ఊడిపోయి, లోపలి సున్నపు ఎముక తెల్లగా బయటపడి ఉంది.

అద్దాలతొట్టి నిండా గోధుమరంగు జిగురు. రాళ్ళ మీదా, ఇసుక మీదా పరుచుకుని, దారాలు దారాలుగా ఊగుతోంది. ప్రతి దారం కొసనా ఒక గాలి బుడగ. కూతురు లోపలి గదిలోకి కేకేసింది.

"ఒరేయ్ తమ్ముడూ! చేపలకి మేత ఎంతేస్తున్నావురా?"

నోట్లో బ్రష్షుతోనే పరిగెత్తుకొచ్చాడు తమ్ముడు. "ఒక్క చిటికెడు. అమ్మ చెప్పినంతే. నాచు కనబడితే చాలు, నా మెడకే చుట్టేస్తావు!"

"బిస్కెట్ ప్యాకెట్టు మొత్తం నీళ్ళలో పోసింది ఎవరో?"

"అప్పుడు నాకు ఆరేళ్ళే! ఇరవై ఏళ్ళ నాటి కేసు ఇంకా కొట్టెయ్యలేదా?"

ఆమెకి నవ్వు రాలేదు. అమ్మ పోయి ఎనిమిది నెలలు. బొటనవేలంత ముక్కగా తెచ్చిన పగడాన్ని అమ్మ పద్దెనిమిదేళ్ళు సాకి క్యాబేజీ అంత చేసింది. ఆ చేతుల మీద పెరిగి ఇంకా బతికున్నది, తామిద్దరు కాక, ఇదొక్కటే. పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. కానీ అది అమ్మది కాదు.

అప్పట్లో ఆదివారమంటే ఇల్లంతా ఉప్పునీటి వాసన. బకెట్లో ఉప్పు కలిపే గరిటె కోసం అక్కాతమ్ముళ్ళు జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్ళు. అమ్మ కొంగు బిగించి, గాజు గొట్టంలో తొట్టి నీళ్ళు తీసి మందు చుక్కలు వేసి, కిటికీ దగ్గర తెల్లకాగితం ముందు పట్టుకునేది. "నీ కళ్ళు చురుకే. ఏ రంగొచ్చిందో చెప్పవే," అనేది. ఆ గొట్టాలు చూసీ చూసీ ఆమె ఇవాళ రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్ అయింది.

అదే కిటికీ దగ్గర ఇప్పుడు మళ్ళీ పరీక్ష చేసింది. నైట్రేట్ సున్నా. ఫాస్ఫేట్ సున్నా. నమ్మబుద్ధి కాక మళ్ళీ చేసింది. రంగన్నదే రాలేదు.

"సున్నా అంటే మంచిదేగా?" అన్నాడు తమ్ముడు.

"నీ మొహం. చేపల వ్యర్థం నీళ్ళలో కరిగితే వచ్చేవే ఈ రెండూ. కొంచెం ఉంటే అదే పగడానికి తిండి. అది బొత్తిగా లేకపోతే పగడం పస్తుంటుంది. మామూలు పచ్చనాచూ పోతుంది. ఖాళీ అయిన చోట ఈ జిగురు కాపురం పెట్టేస్తుంది."

"అంటే ఎవరో దీని నోటికాడి కూడు లాగేస్తున్నారన్నమాట."

తొట్టి కింది అర తలుపు తెరిచింది. ల్యాబ్‌లో రెండు షిఫ్టులు పడి, ఆ తలుపు తీసి నెల దాటింది. నైట్రేట్, ఫాస్ఫేట్ పీల్చే గుళికల సంచి, నిమ్మకాయంతది, ఒక్కటే ఉండాలి. చెయ్యి పెట్టి తీస్తే నాలుగొచ్చాయి. ఒక్కోటీ పిడికిలంత. తెల్లటి మెత్తని గుడ్డ, అంచున చీమల బారులా రెండు వరసల కుట్టు. మూలలో చెరగని సిరాతో రెండు చుక్కలు, ఒక గీత.

తమ్ముడి నోట్లో బ్రష్షు ఆగిపోయింది. "అక్కా, ఇది మన గుర్తు!"

నాన్న లాండ్రీలో ఒక్కో ఇంటి బట్టలకీ ఒక్కో గుర్తు. రెండు చుక్కలూ గీతా ఈ ఇంటివి.

సరిగ్గా అప్పుడే నాన్న ఇస్త్రీ చొక్కాలు చేతి మీద వేసుకుని లోపలికొచ్చాడు. నలభై ఏళ్ళుగా జనం మరకలతో యుద్ధం చేస్తున్న మనిషి. కానీ ఈ తొట్టిని మాత్రం ఏనాడూ ముట్టుకోలేదు. "నీళ్ళలో రాళ్ళు పెంచే పిచ్చిదాన్ని కట్టుకున్నాను," అని అమ్మని ఆట పట్టించడమే తప్ప. కూతురి చేతిలో సంచులు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

అరుద్దామనుకుంది. సంచులు ఆయన ముందుకి చాపింది. "నీ పనేనా నాన్నా?"

ఆయన తొట్టి దగ్గరికొచ్చి వంగి చూశాడు. "బతుకుతుందా?"

"నడిమి కండ గట్టిగానే ఉంది. సంచులు తీసేస్తాను. వీడు మేత కాస్త పెంచుతాడు. ఆపైన దాని ఓపిక."

నాన్న చొక్కాలు కుర్చీ మీద పడేసి, నేల మీద చతికిలబడ్డాడు.

"నేనేనమ్మా. వాణ్ణేమీ అనకు. నెల కిందట ఇసుక మీద చిన్న మరక కనబడింది. మరకంటే నాకు తెలిసిందొక్కటే, మందు పట్టించడం. చేపల షాపతను ఈ గుళికలిచ్చాడు. ఒక సంచి పెట్టాను, మరక పెరిగింది. రెండు పెట్టాను, ఇంకా పెరిగింది. మొండి మరకనుకుని పట్టుదలకి పోయాను. మీరు డ్యూటీలకి వెళ్ళాక గుళికలు మార్చేవాణ్ణి. ఈ పగడాన్ని నా చేతులతో శుభ్రంగా ఉంచాలనిపించిందే. మీ అమ్మ ప్రతి ఆదివారం పిలిచేది, 'ఒక్క నిమిషం ఈ పైపు పట్టుకోండి' అని. నేను పేపరు అడ్డం పెట్టుకుని వినబడనట్టు కూర్చునేవాణ్ణి. వినబడేదమ్మా. ప్రతిసారీ వినబడేది."