ఎలుక తర్వాత కప్ప

మంచు డబ్బాలో గాజు గొట్టాన్ని అదిమి పట్టి పాపయ్య ఎలుక కాలేయం నూరుతున్నాడు. శీతల గదిలో నాలుగు డిగ్రీలు. ఉబ్బిన వేలికీళ్లు, పాలిపోయిన గోళ్లు, ముక్కు చివర ఒక చుక్క. ఢిల్లీలో బేర్ సరాయ్ పక్కనున్న ఈ పరిశోధన సంస్థలో ముప్పై ఒక్కేళ్లుగా ఇదే పని. ఇవాళ్టితో పదవీ విరమణ.

ఎలుకది అయ్యాక గొట్టం కడిగి కప్ప కాలేయం వేయాలి. చన్నీళ్లకు వేళ్లు లాగుతాయని ఏడాదిగా కాగితంతో తుడిచి వేస్తున్నాడు. ఎవరు చూడొచ్చారు? చదువుకున్న వెధవలకు అంకెలు తప్ప గిన్నెలు కనపడవు.

కాలేయంలో చక్కెరను మార్చే ఎంజైమును ఒక ప్రోటీన్ పట్టి ఉంచుతుంది. పండ్ల చక్కెర నుంచి పుట్టే ఫాస్ఫేటు తగిలితే ఎలుక ప్రోటీన్ పట్టు వదులుతుంది, కప్పది వదలదు. పరిశోధక విద్యార్థి సాకేత్ పరీక్షల్లో కప్పది మాత్రం కొంచెం వదులుతోంది. ఆ కొంచెం మీదే అతని పరిశోధనంతా నిలబడింది. సోమవారం వ్యాసం పత్రికకు వెళుతుంది.

తలుపు తోసుకుని సాకేతే వచ్చాడు. ఢిల్లీలో పుట్టిన తెలుగువాడు. వింటే అర్థమవుతుంది, చదవడం రాదు.

“అంకుల్, చూహే కే బాద్ ధోతే హో న?” ఎలుక తర్వాత కడుగుతున్నావు కదా అని హిందీలో అడిగాడు.

“కడక్కపోతే నాకుతానా ఏంటయ్యా? నువ్వు పుట్టకముందు నుంచీ కడుగుతున్నా.”

“అరే, సారీ. మేడమ్ నే పూఛా.” అడగమన్నది మేడమేనట.

“అయితే మీ మేడమ్‌నే వచ్చి కడగమను.”

సాకేత్ నవ్వాడు. నమ్మాడు. నమ్మినందుకు పాపయ్యకు అతనంటే మరింత చులకన కలిగింది. తన మీద పుట్టవలసిన అసహ్యం ఎప్పుడూ ఇలాగే సులువుగా ఎదుటివాడి మీదికి జరిగిపోతుంది.

మధ్యాహ్నం సమోసాలు, ఒక శాలువా. ల్యాబు పెద్ద అయిన బెంగాలీ మేడమ్ అతని పేరు తప్పు పలికి, ఆయన చేతుల వల్లే ఈ ల్యాబు నడిచిందన్నది. అందరూ చప్పట్లు కొట్టారు. పాపయ్య సమోసా పొడి తుడుచుకున్నాడు.

జనం చెదిరాక ఫ్రీజర్ తెరిచి, కప్ప నమూనాల పెట్టె మూత మీద టేపు అంటించి రాశాడు: “ఈ కప్పలో ఎలుక ఉంది. కడగలేదు.” ముప్పై ఒక్కేళ్లూ చీటీలన్నీ ఇంగ్లీషులో రాసినవాడు, ఇది తెలుగులో రాశాడు. అక్కడ ఎవరూ చదవలేరని తెలిసే రాశాడు. చెప్పేశానన్న తృప్తి కావాలి, అంతే. గేటు దగ్గర గుర్తింపు కార్డు ఇచ్చేసి తేలిగ్గా ఆటో ఎక్కాడు.

సాయంత్రం సాకేత్ చివరి పరీక్షకు ఆ పెట్టెలోంచి కప్ప నమూనాలు తీసుకుని, టేపు మీది రాత అంకుల్ పెట్టుకున్న గుర్తేదో అనుకుని మూత వేశాడు. ఫ్రీజర్ చీకట్లో తెల్లటి టేపు అంచులు ముడుచుకున్నాయి. గుండ్రటి అక్షరాల మీద మంచు సన్నగా పేరుకోసాగింది.