సీటు కింద ట్యాంకు

నేను ఒక నల్లకారుని. ఎర్రగానో పచ్చగానో, కనీసం బూడిదరంగులోనో ఉండాలని నాకూ ఆశ ఉండేది. కానీ నేను పుట్టిన రోజుల్లో మా ఫోర్డు కంపెనీ నలుపు తప్ప ఇంకో రంగు ముట్టుకోలేదు. నా పేరు మోడల్ టి. అదీ ఒక పేరేనా, ఉత్త అక్షరం! నాలాంటివాళ్లం కోటీ యాభై లక్షలమందిమి ఉన్నాం, అందరికీ అదే అక్షరం. ఇంతమందిలో నా గోడు పట్టించుకునేదెవరు? మీరైనా వినండి.

నన్ను ఎవరు చేశారని అడిగితే చెప్పలేను. కుండకు కుమ్మరి ఉంటాడు, బండికి వడ్రంగి ఉంటాడు. నాకు అలాంటివాడెవడూ లేడు. మా కంపెనీ కనిపెట్టిన గొప్ప పద్ధతిలో కార్లు కదిలిపోతుంటే మనుషులు ఉన్నచోటే నిలబడతారు. ఒకడు నట్టు పెడతాడు, పక్కవాడు దాన్ని బిగిస్తాడు. వాళ్లలో ఒక్కడు కూడా నా ముఖం నిండుగా చూసి ఉండడు. బ్రిటిషువాళ్ల ఏలుబడిలో ఉన్న దేశాలకు కార్లు పంపే పని కెనడా శాఖది కనుక నేను అక్కడ పుట్టి, పెట్టెలో పడుకుని, ఓడలో మద్రాసు చేరాను.

నా కడుపుమంట మొదలైంది ఎక్కడంటే, పెట్రోలు ట్యాంకు దగ్గర. దాన్ని ముందు సీటు కింద పెట్టారు. పంపు లేదు. కాలువ నీళ్లు పల్లానికి పారినట్టు పెట్రోలు తనంతట తానే ఇంజనులోకి జారాలి. చదును నేల మీద బాగానే జారుతుంది. కొండ ఎక్కేటప్పుడు నా మూతి పైకి లేస్తుంది, ట్యాంకు కిందికి పోతుంది. ట్యాంకు నిండుగా ఉంటే ఫరవాలేదు. అడుగంటిందా, పెట్రోలు పైకి ఎక్కదు, నేను రెండు దగ్గులు దగ్గి ఆగిపోతాను. దీనికి డ్రైవర్లు కనిపెట్టిన ఉపాయం ఒక్కటే. బండిని వెనక్కి తిప్పి, వెనక గేరులో కొండ ఎక్కించడం. అప్పుడు ట్యాంకు పైకొస్తుంది, ఇంజను కిందికొస్తుంది, పెట్రోలు జారుతుంది. అమెరికాలోనూ అంతే, ఇక్కడా అంతే.

బండిని మార్చండి మహాప్రభో అని కంపెనీలో ఎందరో మొత్తుకున్నారట. పైవాళ్లు వినలేదు. ఉన్నది బాగానే అమ్ముడుపోతోంది కదా అన్నారు. పందొమ్మిదేళ్లు అలాగే కూర్చున్నారు.

సీటు కింద ట్యాంకుతో ఇంకో తంటా ఉంది. పెట్రోలు పొయ్యాలంటే ముందు సీట్లో ఉన్నవాళ్లు లేవాలి. సీటు ఎత్తాలి, ట్యాంకు మూత తియ్యాలి, పుల్ల ముంచి ఎంతుందో చూడాలి, అప్పుడు పొయ్యాలి. ఎంతటివారైనా లేవాల్సిందే. నన్ను కొన్నవారేమో లేవని మనిషి.

ఆయన సన్యాసిరాజు గారు. సాలూరు వైపు, వేగావతి ఒడ్డున చిన్న ఎస్టేటు. పేరులో సన్యాసం ఉంది కానీ ఆసనం మీద ఆయనకున్న మమకారం అంతా ఇంతా కాదు. ఆయన కూర్చున్నాక లేవడం ఎదుటివాడు తనకంటే పెద్దవాడైతేనే జరగాలి, తనకంటే పెద్దవాడు ఆ చుట్టుపక్కల లేడని ఆయన నమ్మకం. వెనక సీట్లో కూర్చుంటే జనానికి సగమే కనపడతానని ముందు సీట్లో, డ్రైవరు పక్కనే కూర్చునేవారు. పొద్దున్న ఆయన ఎక్కకముందు పోసిన పెట్రోలుతోనే సాయంత్రం దాకా గడవాలి. దారిలో ఎక్కడా పోయడానికి లేదు.

డ్రైవరు గవరయ్య మంచివాడే. కానీ వాడికీ ఒక తిక్క ఉంది. మెడ వెనక్కి తిప్పి, ఒంటిచేత్తో స్టీరింగు పట్టుకుని, వంకర దారుల్లో నన్ను వెనక్కి నడిపిస్తుంటే జనం నోళ్లు వెళ్లబెట్టేవారు. అది వాడికి తెగ నచ్చేది. రాజుగారు లేవకపోతే వాడికి లోలోపల సంతోషమే. మధ్యలో నలిగింది నేను. ఎన్ని కొండలు ఎక్కానో, ఒక్క కొండ కూడా ఎదురొస్తుంటే చూడలేదు. పైకి చేరేసరికి నాకు కనపడేది ఎప్పుడూ వదిలి వచ్చిన పల్లమే.

రాజుగారికి ఒక్కతే చెల్లెలు, బంగారయ్యమ్మ. ఆమెను కొండ మీద నారింజతోటలున్న నీలాద్రిరాజు గారికి ఇచ్చారు. ఒక పెళ్లి పందిట్లో నీలాద్రిరాజు గారు వస్తే అందరూ లేచారు, మా రాజుగారు మాత్రం లేవలేదు. ఇంటి అల్లుడు వస్తే లేవకపోవడమా అని ఆయన భోజనం చెయ్యకుండా వెళ్లిపోయారు. అంతే, రెండిళ్ల మధ్యా రాకపోకలు ఆగిపోయాయి. అన్నకీ భర్తకీ మధ్య ఆ తల్లి ఏళ్లతరబడి ఏడ్చింది. పుట్టింటి గడప తొక్కే వీల్లేదు, అన్నను పిలిచే వీల్లేదు.

చివరికి ఆమె పోరు పడలేక నీలాద్రిరాజు గారు మెత్తబడ్డారు. కొండ కింద సంతలో గవరయ్య కనపడితే ఆమె పక్కకు పిలిచి చెప్పింది.

"గవరయ్యా, అన్నయ్యని ఒక్కసారి రమ్మని చెప్పు. ఆయన ఒప్పుకున్నారు. గేటు దాకా తనే ఎదురొచ్చి కాళ్లకి నీళ్లిస్తానన్నారు. ఇంతకంటే దిగరు. మళ్లీ ఇంకోసారి ఒప్పించడం నా వల్ల కాదు."

రాజుగారు పైకి గంభీరంగా ఉన్నా ఆ రాత్రి భోజనం రెండింతలు చేశారట. మర్నాడు పట్టుతలపాగా చుట్టి, చెల్లెలికి చీర పక్కన పెట్టుకుని, తెల్లారగానే సీట్లో కూర్చున్నారు. ఎంత తొందరంటే గవరయ్య పెట్రోలు పొయ్యకముందే కూర్చున్నారు. ట్యాంకులో నిన్నటి మిగులే ఉంది. కొండ కిందికి చేరేసరికి అదీ అడుగంటింది.

ఆ రోజు సంత. కొట్టు ముందు పెట్రోలు డబ్బాలు వరసగా ఉన్నాయి. గవరయ్య బండి ఆపి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బావూ, ఓపాలి లెగండి. ఓ డబ్బాడు ఒంపేస్తాను. ఇయాల మూతి ముందెట్టి ఎల్దాం."

"సంతలోనా? ఇంతమంది ముందు నన్ను లేచి నిలబడమంటావా? పెట్రోలొచ్చిందని లేవడానికి అదేమైనా కలెక్టరుగారా?"

"కాదు బావూ, ఇయాల శుభమా అని ఎల్తన్నాం కదా..."

"ఎప్పుడూ ఎలా ఎక్కుతున్నామో అలాగే ఎక్కు. నీకు వెనక్కి నడపడం చేతకాకపోతే చెప్పు."

ఆ మాటతో గవరయ్యకు రోషం వచ్చింది. ఇంకొక్కసారి బతిమాలాల్సినవాడు కాస్తా వెళ్లి నన్ను తిప్పాడు. అయ్యో, ఒక్కడికైనా బుర్ర ఉండొద్దా! నాకు నోరుంటే సంత సంతంతా వినపడేలా అరిచేదాన్ని. ఉన్నదల్లా ఒక హారను. అది కూడా వాళ్లు నొక్కితేనే మోగుతుంది.

పైన నీలాద్రిరాజు గారు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. పక్కన పెద్దమనుషులు, వెనకాల ఇత్తడి చెంబుతో బంగారయ్యమ్మ. మలుపు తిరగగానే వాళ్లకు కనపడిందేమిటి? నా నల్లటి వెనకభాగం, మడిచిపెట్టిన గుడ్డ పైకప్పు, దాని మీదుగా రాజుగారి వీపు, తలపాగా వెనకవైపు. అంత పెద్దమనిషి మెడ వెనక్కి తిప్పి చూడరు కదా! దూరాన లోయలోకి చూస్తూ ఠీవిగా కూర్చున్నారు.

"చూసేరా! నా గుమ్మానికి వీపు చూపిస్తూ వస్తున్నాడు. నేను ఎదురొస్తానని తెలిసే ఇలా వస్తున్నాడు!" అన్నారు నీలాద్రిరాజు గారు.

"కాదండీ, ఆ బండి ఏదో..." అని బంగారయ్యమ్మ అనబోయింది. ఆమెకు కార్ల సంగతి ఏం తెలుసు? మాట ముందుకు సాగలేదు. గేటు మూసేశారు.

నేను ఆగాక రాజుగారు తల తిప్పి చూశారు. మూసిన గేటు, కమ్మీల సందులోంచి చెంబు పట్టుకుని నిలబడ్డ చెల్లెలు కనపడింది. నాకు బాగా గుర్తుంది, ఆయన చెయ్యి తలుపు పిడి మీదికి వెళ్లింది. దిగి నాలుగు అడుగులు వేసి, బావగారూ, పెట్రోలు లేక ఇలా వచ్చాం అంటే సరిపోయేది. అక్కడే అందరూ నవ్వేవారు. నేను ఊపిరి బిగబట్టి చూశాను. చెయ్యి వెనక్కి వచ్చేసింది.

"పిలవనీ, దిగుతాను," అన్నారు.

గేటు లోపల నీలాద్రిరాజు గారూ అలాగే అనుకున్నారో ఏమో, దిగనీ, తీస్తాను అని. ఎండ నడినెత్తికి వచ్చింది. ఎవరూ పిలవలేదు, ఎవరూ దిగలేదు. చెల్లెలి చీర సీటు మీద అలాగే ఉంది.

"పోనియ్ గవరయ్యా," అన్నారు రాజుగారు చివరికి.

నేను ముందుకు కదిలి కొండ దిగాను. అంటే గేటులోంచి చూసేవాళ్లకు మళ్లీ వీపే. వచ్చినప్పుడూ వీపే, వెళ్లినప్పుడూ వీపే. ఆ తప్పు ఎవరి నెత్తిన పడిందంటే, నా నెత్తిన. "దరిద్రపు బండి" అని ఆ సాయంత్రం రాజుగారు నా చక్రాన్ని తన్నారు.

ఆ తర్వాత కొన్నేళ్లకే కంపెనీ నా రకం కార్లు చెయ్యడం మానేసింది. కొత్త మోడల్లో ట్యాంకును సీటు కిందనుంచి తీసి, ముందు అద్దం కింద, ఎత్తులో పెట్టారట. పందొమ్మిదేళ్లకైనా ట్యాంకు లేచింది. రాజుగారు లేవలేదు. ఎవరెంత చెప్పినా కొండకేసి చూడలేదు. ఒక చలికాలంలో కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు.

అప్పుడొచ్చింది బంగారయ్యమ్మ. జుట్టు తెల్లబడింది. కర్మకాండ అయ్యాక షెడ్డులోకి వచ్చి నా ముందు నిలబడింది. గవరయ్య ముసలివాడయ్యాడు.

"ఆ రోజు అన్నయ్య ఎందుకలా వచ్చేడు గవరయ్యా? నా మీద ఏం కోపం?"

గవరయ్య సీటు ఎత్తి, ట్యాంకు మూత తీసి, పుల్ల ముంచి చూపించాడు. "నూనె తక్కువుంటే ఇది మూతెత్తి కొండెక్కదమ్మా. అందుకే యెనక్కి ఎక్కించినాను. బావుగోరు లెగలేదు. నానూ గట్టిగా అడగనేదు."

"ఇందుకా?" అందామె. ఆ ట్యాంకుకేసి చాలాసేపు చూసింది. "ఇంతేనా?"

ఆమె నాలోనే ఇంటికి వెళతానంది. కొండ కింద కొట్టు దగ్గర గవరయ్య బండి ఆపగానే, వాడు నోరు విప్పకముందే లేచి దిగింది. ఆ రోజూ సంతే. కొంగు భుజాల చుట్టూ కప్పుకుని అంతమంది మధ్య రోడ్డు మీద నిలబడింది. డబ్బాడు పెట్రోలు పొయ్యడానికి కిళ్లీ నమిలేంతసేపు కూడా పట్టలేదు. ఆమె కళ్లనీళ్లు మాత్రం ఆగలేదు.

అప్పుడు ఎక్కాను, మూతి ముందు పెట్టి. కొండ నాకు ఎదురొచ్చింది. ఒక్కో మలుపూ ముందే కనపడింది. గేటు చిన్నగా కనపడి పెద్దదయింది. వరండాలో కుర్చీలో ఉన్న నీలాద్రిరాజు గారు నన్ను చూసి, కర్ర పట్టుకుని లేచి నిలబడ్డారు. ఎన్నాళ్లుగానో కోరుకున్న రోజది. కానీ సీట్లో రాజుగారు లేరు. నాకు ఏం సంతోషం?

"మా అన్నయ్య ఆ రోజు వీపు చూపించలేదండి. బండిలో పెట్రోలు లేదు," అంది బంగారయ్యమ్మ.

"ఆ ముక్క అప్పుడే దిగి చెప్పొచ్చు కదా," అన్నారాయన.

"మీరు గేటు తీసి అడగొచ్చు కదా."

ఆ తర్వాత నారింజతోట షెడ్డులో ఎన్ని దశాబ్దాలు పడి ఉన్నానో చెప్పను, మీకూ విసుగు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్లకే మా కంపెనీ ఇక్కడి దుకాణం కట్టేసింది. తొంభైల్లో మళ్లీ వచ్చి మద్రాసు దగ్గర ఫ్యాక్టరీ పెట్టింది. అప్పుడు విశాఖపట్నంలో ఒక షోరూం వాళ్లు నన్ను వెతికి కొని, రంగు వేసి, అద్దాల వెనక అలంకారంగా నిలబెట్టారు. వచ్చేపోయే వాళ్లంతా నా సీట్లో కూర్చుని ఫొటోలు దిగారు. మొన్న కొవిడ్ రోజుల్లో కంపెనీ ఇక ఇక్కడ కార్లు చెయ్యనంది. రెండుసార్లు వచ్చి రెండుసార్లు వీపు తిప్పింది. మిగిలింది నేను.

ఈ రోజు షోరూం ఖాళీ చేస్తున్నారు. గోడల మీద బోర్డులు తీసేశారు. నన్ను తోసుకెళ్లడానికి నలుగురు మనుషులు వచ్చారు. తలుపు నా వెనక ఉంది కనుక ఎలా తోస్తారో నాకు తెలుసు. మేనేజరు గారు మాత్రం నా సీట్లో కూర్చుని అరగంటగా ఫోన్లో మాట్లాడుతున్నారు.

"నేనెందుకమ్మా ఫోను చెయ్యాలి ముందు? వాడు తమ్ముడు, వాణ్ణే చెయ్యమను. వాడు చేస్తే నేను మాట్లాడనా ఏంటి?"

ఆయన కిందే ఎండిపోయిన నా ట్యాంకు ఉంది.

"సార్, కాస్త లేస్తే బండి తోసేస్తాం," అన్నాడు నలుగురిలో ఒకాయన.

మేనేజరు గారు ఆగమన్నట్టు చెయ్యి చూపించారు. ఇంకా లేవలేదు.